పండ్ల ముక్కలు కలిపిన గ్రీన్ టీ: మూడు డబ్బాలతో రెండు నెలలు

పెద్ద తెల్ల పళ్లెం ఒకటి తీసుకుని, మూడు డబ్బాల్లోంచి తలా 10 గ్రాములు తూచి మూడు కుప్పలు పోశాను. ఆ తర్వాత ఆకు ఒకవైపు, పండు ముక్కలు ఒకవైపు, పూల రేకులు ఇంకోవైపు ఏరుతూ కూర్చున్నాను. గంట పైనే పట్టింది. రెండు నెలలుగా రోజూ తాగుతున్న టీలో అసలు ఏముందో కళ్లారా చూడాలనిపించింది.

మామిడి, పైనాపిల్ అని రాసి ఉన్న మొదటి డబ్బాలో ఆకు 6 గ్రాములకు కాస్త ఎక్కువ. మిగతాది పండు, చిటికెడు పసుపు రేకులు. పీచ్, ఆప్రికాట్ కలిపిన రెండో డబ్బాలో ఆకు 8 గ్రాములు. స్ట్రాబెర్రీ బొమ్మ వేసిన మూడో డబ్బాలో ఆకు 4 గ్రాములే. మిగతా 6 గ్రాముల్లో ఎండిన ఆపిల్ ముక్కలు, ముదురు ఎరుపు మందార రేకులు, రోజ్‌హిప్ అనే అడవి గులాబీ కాయ తొక్కలు ఉన్నాయి. ఆ కుప్పంతా వెతికితే స్ట్రాబెర్రీ ముక్కలు రెండు దొరికాయి. గోరంత ఉన్నాయి, కాగితంలా పల్చగా.

మూడు కంపెనీల పేర్లూ రాయడం లేదు. ఎందుకంటే ఇలాంటి టీ ఎక్కడ కొన్నా దాదాపు ఈ మూడింట్లో ఏదో ఒకదానిలాగే ఉంటుంది. ఆకు మంచిదై, పండు దానికి తోడుగా ఉండేది ఒక రకం. ఆకు, పండు సగం సగం పోటీపడేది ఇంకో రకం. పేరుకి గ్రీన్ టీ అయినా నిజానికి పండ్ల కషాయం అనదగ్గది మూడో రకం. మీ చేతిలో ఉన్నది ఏదో తెలిస్తే దాన్ని ఎలా కాయాలో, ఎప్పుడు తాగాలో తేలిగ్గా తెలిసిపోతుంది.

ఈ డబ్బాలు నేను కొన్నవి కావు, మా చెల్లి ఇచ్చింది. "అక్కా, కాఫీ తగ్గించమన్నారుగా, వీటితో మొదలుపెట్టి చూడు, ఉత్త గ్రీన్ టీ నువ్వు తాగలేవు" అంది. నిజమే. నేను ఇంట్లో కూర్చుని లెక్కల పని చేస్తాను. రోజుకి ఐదు కాఫీలు తాగేదాన్ని, రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టేది కాదు. అంతకుముందు ఒకసారి టీ బ్యాగులతో గ్రీన్ టీ మొదలుపెట్టి వారం తిరక్కుండానే మానేశాను. ఒకటే చేదు, వగరు. నాలుక మీద పొర కట్టినట్టు ఉండేది. తప్పు గ్రీన్ టీది అనుకున్నాను. తప్పు నీళ్లది.

ముందు దాని గురించే చెప్పాలి, ఎందుకంటే ఈ టీ నచ్చడం, నచ్చకపోవడం ముప్పావు వంతు నీళ్ల వేడి మీదే ఉంది. తుకతుక మరిగే నీళ్లు గ్రీన్ టీ ఆకు మీద పోస్తే అందులో ఉండే కాటెకిన్లు ఒక్కసారిగా నీళ్లలోకి దిగిపోతాయి. చేదు, వగరు చాలావరకు వాటివల్లే. ఆకులోనే థియనిన్ అనే అమైనో ఆమ్లం కూడా ఉంటుంది. జపాన్‌లో 1950 ప్రాంతంలో గ్యోకురో అనే నీడలో పెంచే టీ ఆకు నుంచి దాన్ని వేరుచేశారు. టీ గుటక దిగాక వెనకాల మిగిలే ఆ కమ్మదనం, సన్నటి తీపి చాలావరకు దానివే. థియనిన్ తక్కువ వేడి నీళ్లలో కూడా బాగానే దిగుతుంది. కాటెకిన్లకు మాత్రం వేడి ఎక్కువ కావాలి. అందుకే 70 నుంచి 80 డిగ్రీల నీళ్లు పోసి రెండు నిమిషాలు నానబెడితే కమ్మదనం ముందుకొచ్చి చేదు వెనక్కి తగ్గుతుంది. అదే ఆకు, అదే కప్పు, రుచి మాత్రం పూర్తిగా వేరు.

థర్మామీటర్ లేకపోయినా ఫరవాలేదు. మరిగిన నీళ్లు ముందు ఖాళీ కప్పులో పోయండి, అక్కణ్ణుంచి ఇంకో కప్పులోకి మార్చండి. చల్లటి పాత్రలోకి మార్చిన ప్రతిసారీ సుమారు 10 డిగ్రీలు తగ్గుతుంది. రెండుసార్లు మార్చాక పోస్తే సరిపోతుంది. నేను మొదటి వారం థర్మామీటర్ పెట్టి చూసుకున్నాను. ఇప్పుడు కప్పు బయట వేళ్లు ఆనించి చెప్పేస్తాను. పట్టుకోగలుగుతున్నాను, కానీ ఎక్కువసేపు ఉంచలేకపోతున్నాను అన్నప్పుడు పోస్తే నా టీ బాగా కుదురుతోంది.

పండు కలిసిన టీలో అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆకుకి వేడి తక్కువ కావాలి, సమయమూ తక్కువే కావాలి. ఎండిన పండు ముక్కకి మరిగే నీళ్లు కావాలి, ఎనిమిది పది నిమిషాల సమయం కావాలి. ఆపిల్ ముక్కో, పైనాపిల్ ముక్కో రెండు నిమిషాల్లో మెత్తబడదు, దాని రసం నీళ్లలోకి దిగదు. పండు కోసం ఆగితే ఆకు చేదెక్కుతుంది. ఆకుకి తగ్గట్టు వడకడితే పండు ఇంకా గట్టిగానే ఉంటుంది. వడకట్టిన తర్వాత మొదటి డబ్బాలోని పైనాపిల్ ముక్కని తీసి కొరికి చూశాను. పైన ఒక్క పొర మాత్రమే తడిసింది, లోపల బెల్లం ముక్కలా గట్టిగా, తియ్యగా ఉంది. అంటే నేను తాగిన కప్పులో ఉన్న పైనాపిల్ రుచి ఆ ముక్కలోంచి వచ్చింది కాదు.

మరి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆకు మీద చల్లిన పరిమళం నుంచి. డబ్బా వెనక పదార్థాల జాబితా చివర్లో ఫ్లేవరింగ్ అనో, నేచురల్ ఫ్లేవర్ అనో ఒక మాట ఉంటుంది చూడండి, అదే. ఇది మోసమని నేను అనను. టీకి పరిమళం అద్దడం పాత పద్ధతే. ఎర్ల్ గ్రే టీకి ఆ వాసన బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క నూనె నుంచి వస్తుంది. చైనాలో మల్లెపూల టీకి రాత్రి విచ్చుకునే మొగ్గల్ని ఆకుతో కలిపి ఉంచి, పొద్దున్నే పూలు తీసేసి, మళ్లీ కొత్త పూలు కలుపుతారు. మంచి రకానికి ఇలా చాలాసార్లు చేస్తారు. వాసనను పట్టి ఉంచుకోవడం టీ ఆకు స్వభావం. నా అభ్యంతరం ఒక్కటే. పరిమళం మోతాదు మించితే అది ఆకును కప్పేస్తుంది. ఆకు బాగా లేనప్పుడు కప్పడం కోసమే మోతాదు పెంచుతారని నా అనుమానం.

ఆ అనుమానం తీర్చుకోవడానికి నాకు దొరికిన మార్గం రెండో కప్పు.

విడి ఆకు గ్రీన్ టీని ఒకసారి వాడి పారేయక్కర్లేదు. రెండు, మూడుసార్లు నీళ్లు పోసుకోవచ్చు. పండ్ల టీలో పరిమళం చాలావరకు మొదటి కప్పుతోనే వెళ్లిపోతుంది. రెండోసారి నీళ్లు పోస్తే వచ్చేది ఎక్కువగా ఆకు రుచే. ఇక దాక్కోవడానికి తావుండదు. ఇది నాకు అనుకోకుండా తెలిసింది. ఒక రోజు పని ఒత్తిడిలో కొత్త ఆకు వేసుకునే తీరిక లేక, జాలిలో మిగిలిన ఆకు మీదే మళ్లీ నీళ్లు పోశాను. ఆ కప్పు మొదటి దానికంటే బాగుంది. అది పీచ్ డబ్బా. అప్పట్నుంచి మూడింటినీ అలాగే చూశాను.

పీచ్ డబ్బా రెండో కప్పు లేత పసుపుపచ్చగా ఉంది, అడుగున కప్పు మీది గీత స్పష్టంగా కనిపించేంత తేటగా. మొదటి కప్పులో ముక్కుకి తగిలిన పీచ్ వాసన ఇప్పుడు ఎక్కడో దూరంగా ఉంది. గింజలు దోరగా వేయించినప్పుడు వచ్చే కమ్మటి వాసన ముందుకొచ్చింది. పెనం మీద వేడి చేసి తయారుచేసే చైనా పద్ధతి గ్రీన్ టీల్లో ఆ వాసన ఉంటుంది. జపాన్‌లో ఎక్కువగా ఆవిరి పట్టి చేస్తారు, వాటికి పచ్చి ఆకుకూర ఉడికిన వాసన వస్తుంది. కోసిన వెంటనే ఆకు నల్లబడకుండా ఆపడం కోసమే ఈ వేడి చేయడమంతా. గ్రీన్ టీ ఆకుపచ్చగా ఉండడానికి కారణం అదే. వాడేసిన ఆకును పళ్లెంలో పరిచి చూస్తే చాలావరకు నిండు ఆకులే. అంచుల రంపపు పళ్లు కనిపిస్తున్నాయి, ఒకటి రెండు చోట్ల లేత మొగ్గ కూడా ఉంది. మూడో కప్పు కూడా తాగాను. పల్చగా ఉంది, కానీ తాగాలనిపించేలా ఉంది.

మామిడి డబ్బా రెండో కప్పు అంత హాయిగా లేదు. చేదు లేదు కానీ పొగ వాసన లాంటిది తగిలింది. ఆకు చిన్న చిన్న ఉండలుగా చుట్టి ఉంది, గన్‌పౌడర్ అని పిలిచే రకం. ఆ ఉండలు నీళ్లలో మెల్లగా విచ్చుకోవడం గాజు పాత్రలో చూస్తుంటే భలే బాగుంటుంది. కానీ అది గట్టి రుచి ఉన్న ఆకు. పుదీనా లాంటి ఘాటైనదానికి సరిజోడు. మామిడి తీపితో దానికి పొసగలేదు. మొదటి కప్పు మాత్రం నిజంగా బాగుంది, మధ్యాహ్నం మూడింటికి నిద్ర ముంచుకొచ్చే వేళ ఆ వాసనకే సగం మెలకువ వస్తుంది. పండు ముక్కలు చక్కెర పాకంలో నానబెట్టి ఎండబెట్టినవి. పసుపురంగులో నిగనిగలాడుతూ, చేతికి కాస్త జిగటగా తగిలాయి. తీపి అక్కర్లేదనుకునేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు డబ్బా వెనక చక్కెర అనే మాట ఉందేమో చూసి తీసుకోవడం మంచిది. కప్పుకి దిగే చక్కెర కొద్దిపాటిదే, కానీ తెలిసి తాగడం వేరు.

స్ట్రాబెర్రీ డబ్బా రెండో కప్పు దాదాపు ఉత్త పుల్లనీళ్లు. ఆకు పేరుకే ఉంది. పళ్లెంలో పరిస్తే అంతా నలిగిన తునకలు, కాడలు. మొదటి కప్పు రంగు మాత్రం చూడముచ్చటగా ఉంటుంది, దానిమ్మ గింజల ఎరుపు. ఆ రంగు, ఆ పులుపు స్ట్రాబెర్రీవి కావు, మందారవి. డబ్బా మీద మందార అని రాసినా అది పెరట్లో పూసే మందార కాదు. గోంగూర జాతి మొక్కకి పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి, కండ ఉన్న తొడిమ రేకులవి. వాటికి పులుపు సహజం. గ్రీన్ టీ లేత రుచి ఆ పులుపు ముందు నిలబడలేదు. ఎండిన మందార చిటికెడు ఎక్కువ పడినా కప్పంతా దాని రాజ్యమే. ఒకసారి మా వదిన వచ్చినప్పుడు పొరపాటున అందులో పాలు పోసింది. నిమిషంలో విరిగి ముక్కలు ముక్కలుగా తేలాయి. పుల్లటి పండ్లు, మందార ఉన్న ఏ టీలోనూ పాలు పోయకూడదు.

నన్ను బాధపెట్టింది పులుపు కాదు. డబ్బా ముందువైపు ఇంత పెద్ద అక్షరాలతో గ్రీన్ టీ అని ఉంది. వెనక జాబితాలో మొదటి పేరు ఆపిల్, రెండోది గ్రీన్ టీ, మూడోది మందార. చాలా దేశాల్లో పదార్థాల పేర్లు బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలనే నియమం ఉంది. కాబట్టి కొనేముందు డబ్బా తిప్పి మొదటి పేరు ఏదో చూడండి. గ్రీన్ టీ కావాలనుకునేవాళ్లకు ఆ పేరే మొదట ఉండాలి. స్ట్రాబెర్రీ అని బొమ్మ వేసి, స్ట్రాబెర్రీని జాబితాలో చిట్టచివర ఒక శాతం అని రాసిన డబ్బాను నేను డబ్బు పెట్టి కొనను.

అయినా ఆ డబ్బాను పారేయలేదు, దానికీ ఒక దారి దొరికింది. చల్లటి నీళ్లు. లీటరు నీళ్లకు 8 నుంచి 10 గ్రాములు వేసి, మూత పెట్టి, ఫ్రిజ్‌లో ఆరేడు గంటలు ఉంచి వడకట్టాను. మందార పులుపు మెత్తబడింది, ఆపిల్ తీపి బయటికొచ్చింది, ఆకు వగరు దాదాపు లేదు. పైన చెప్పిన చిక్కు, ఆకుకి తక్కువ సమయం, పండుకి ఎక్కువ సమయం అన్నది, చల్లటి నీళ్లలో చాలావరకు తీరిపోతుంది. చేదు మెల్లగా దిగుతుంది కాబట్టి పండుకి కావలసినంత సమయం ఇవ్వొచ్చు. మామిడి డబ్బా కూడా ఇలాగే బాగుంది, పొగ వాసన తగల్లేదు. పీచ్ డబ్బాను మాత్రం వేడిగానే తాగాలి. చల్లటి నీళ్లలో దాని కమ్మటి వాసన పైకి రాలేదు. చల్లగా చేసినది అదే రోజు, మహా అయితే మర్నాటికి తాగేస్తాను. ఎక్కువ రోజులు నిల్వ ఉంచను.

ఈ రెండు నెలల్లో నేను నేర్చుకున్న ఇంకో పద్ధతి ఉంది, ఇది మాత్రం విడిగా గ్రీన్ టీ, విడిగా ఎండు పండు ఇంట్లో ఉన్నవాళ్లకు. ముందు పండు ముక్కల మీద మరిగే నీళ్లు పోసి ఎనిమిది నిమిషాలు వదిలేయాలి. ఆ లోపు పండు రసం దిగుతుంది, నీళ్ల వేడి కూడా తగ్గుతుంది. మూత లేని పాత్రైతే ఇంకా త్వరగా తగ్గుతుంది. అప్పుడు అందులో టీ ఆకు వేసి రెండు నిమిషాలు ఉంచి వడకట్టాలి. ఎండు ఆపిల్ నాలుగు చీలికలు, సన్నగా తీసిన నారింజ తొక్క ఒక చిన్న ముక్క, ఆకు 2 గ్రాములు. ఇందులో అద్దిన పరిమళం ఏమీ లేదు. డబ్బా తెరవగానే గుప్పుమనే వాసన దీనికి ఉండదు. కానీ గుటక మింగాక ఆపిల్ తీపి నాలుక వెనకభాగంలో ఉండిపోతుంది. నేను చేసుకున్న అన్నింట్లో నాకు బాగా నచ్చిన కప్పు ఇదే అని చెప్పాలి. నారింజ తొక్క లోపలి తెల్లటి పొర గీకేయాలి, లేకపోతే చేదు.

డబ్బాలో ఆకు, పండు ఎప్పుడూ సమంగా ఉండవు. కుదిపినకొద్దీ సన్నటి ఆకు కిందకి జారిపోతుంది, పెద్ద పండు ముక్కలు పైకి తేలతాయి. మొదటి వారం కప్పులన్నీ తియ్యగా, డబ్బా అడుగుకి వచ్చేసరికి కప్పులన్నీ చేదుగా ఉండడానికి కారణం ఇదే. మొదట్లో ఇది తెలియక, డబ్బా సగం అయ్యేసరికి టీ పాడైపోయిందనుకున్నాను. ఇప్పుడు తీసే ముందు డబ్బాను అడ్డంగా పడుకోబెట్టి రెండు మూడుసార్లు మెల్లగా దొర్లించి, పొడవాటి చెంచాతో మధ్యలోంచి తీస్తాను. చెంచా కొలత కూడా పండ్ల టీలో మోసం చేస్తుంది. ఉత్త ఆకు ఒక చెంచా 2 గ్రాములైతే, పండు ముక్కలు నిండిన చెంచా బరువు ఎక్కువ, ఆకు తక్కువ. అందుకే చిన్న త్రాసు ఉంటే మంచిది. ఆకు ఎక్కువున్న డబ్బాకి కప్పుకి 2 గ్రాములు, పండు ఎక్కువున్న దానికి 3 గ్రాములు వేస్తున్నాను.

నిల్వ విషయంలో ఒక నష్టం కూడా జరిగింది. మామిడి డబ్బా మూత సరిగ్గా పెట్టకుండా పొయ్యి దగ్గర వదిలేశాను. టీ ఆకు పెళపెళలాడేంత పొడిగా ఉండాలి. ఎండు పండులో, అందులోనూ పాకం పట్టినదానిలో, తేమ ఎక్కువ, పైగా గాలిలోని తేమను లాగుతుంది. నాలుగు రోజుల్లో ముక్కలన్నీ ఒకదానికొకటి అతుక్కుని, ఆకు వాటికి పట్టుకుని ఉండలైపోయింది. బూజు లేదు కానీ వాసన మారిపోయింది, పారేశాను. దాదాపు మూడో వంతు పోయింది. అప్పట్నుంచి గాలి చొరబడని డబ్బాలో, వెలుతురు, పొయ్యి వేడి తగలని అలమారలో పెడుతున్నాను. మూడు రుచులనూ ఒకే డబ్బాలో పక్కపక్కన పొట్లాలుగా పెట్టకూడదు, ఆకు పక్కదాని వాసన పట్టేస్తుంది. మందార పక్కన వారం ఉన్న పీచ్ టీలో ఆ పుల్లటి వాసన నాకు తెలిసిపోయింది.

ఆరోగ్యం సంగతి అందరూ అడుగుతారు కాబట్టి రెండు మాటలు. బరువు తగ్గుతారని చెప్పి అమ్మే మాటల్ని నేను పట్టించుకోలేదు, మీరూ పట్టించుకోకండి. ఇది రుచి కోసం తాగే పానీయం. ఒక పెద్ద కప్పు గ్రీన్ టీలో కెఫీన్ సుమారు 30 మిల్లీగ్రాములు, అంతే కప్పు కాఫీలో సుమారు 95. నాకు పనికొచ్చిన తేడా అదే, ఇప్పుడు పదకొండున్నరకల్లా నిద్ర పడుతోంది. అయితే సాయంత్రం ఐదు దాటాక ఇది కూడా తాగడం లేదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పిన ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకి 400 మిల్లీగ్రాముల కెఫీన్ దాకా, గర్భిణులకు 200 దాకా ఫరవాలేదు. పండు కలిసింది కదా, కెఫీన్ ఉండదులే అనుకోకూడదు, ఆకు ఉన్నంతా కెఫీన్ ఉంటుంది. భోజనంతో పాటు తాగితే కూరగాయల్లోని, పప్పుల్లోని ఐరన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. రక్తహీనత ఉన్న మా వదినకి అందుకే భోజనానికి గంట ఎడం ఇచ్చి పోస్తున్నాను.

ఇంకొకటి, ఇది నాకు భలే నచ్చిన విషయం. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 2007లో ప్రయోగశాలలో జీర్ణక్రియను అనుకరించి చూస్తే, నిమ్మజాతి పండ్ల రసం కలిపినప్పుడు గ్రీన్ టీలోని కాటెకిన్లు పాడవకుండా ఎక్కువగా మిగిలాయి. అది మనుషుల మీద చేసిన పరీక్ష కాదు. కానీ రుచి కోసం పిండుకునే నాలుగు చుక్కల నిమ్మరసానికి ఇలాంటి పని కూడా ఉండొచ్చని తెలిస్తే సంతోషంగా ఉంటుంది. నిమ్మ పిండగానే కప్పు రంగు తేలికపడడం గమనించండి.

టీ బ్యాగా, విడి ఆకా అని అడిగితే నా ఓటు విడి ఆకుకే. బ్యాగుల్లో ఎక్కువగా ఉండేది ఆకు విరిగిన తునకలు, పొడి. అది త్వరగా రంగు దిగుతుంది, అంతే త్వరగా చేదెక్కుతుంది. పైగా పండు ముక్క ఉబ్బడానికి ఆ చిన్న సంచిలో చోటెక్కడిది? గుండ్రటి ఇనప బంతిలా ఉండే జాలి వాడినా అదే ఇబ్బంది, ఆకు విచ్చుకోదు. కప్పు అడుగుదాకా దిగే వెడల్పాటి స్టీల్ జాలి వాడండి, లేదా గాజు పాత్రలో విడిగా వేసి చివర్లో వడకట్టండి. నేను గాజు పాత్రే వాడుతున్నాను. పీచ్ ముక్క నీళ్లు తాగి మెల్లగా ఉబ్బడం, ఆకు నిటారుగా నిలబడి కిందకి దిగడం, ఆ రెండు నిమిషాలూ కంప్యూటర్ వైపు చూడకుండా కూర్చుంటాను.

మూడింట్లో నేను మళ్లీ తీసుకునేది పీచ్, ఆప్రికాట్ డబ్బా. ఉత్త గ్రీన్ టీ ఇష్టపడేవాళ్లు కూడా దాన్ని కాదనరు. మామిడి డబ్బా కాఫీ నుంచి, తీపి పానీయాల నుంచి ఇటు రావాలనుకునేవాళ్లకు మంచి మొదటి మెట్టు, కానీ చిన్న పొట్లం తీసుకోండి. స్ట్రాబెర్రీది చల్లగా తాగడానికి తప్ప నేను సిఫారసు చేయను.

పీచ్ డబ్బాలో ఇంకా రెండు వేళ్ల మందం మిగిలింది. అడుగుకి వచ్చేసరికి నలిగిన ఆకు ఎక్కువైంది, అందుకని రెండు నిమిషాలు ఉంచకుండా ఒకటిన్నర నిమిషానికే వడకడుతున్నాను. నిన్న చెల్లికి ఫోన్ చేసి ఈసారి అదొక్కటే పంపమన్నాను. పెద్ద డబ్బా వద్దు, 50 గ్రాములది చాలు, ప్యాక్ చేసిన తేదీ చూసి తీసుకోమని చెప్పాను.